తుప్పు గీత

ట్యాంకును గుమ్మడికాయ మాదిరి చంకన పెట్టుకొని
సంతపేట సందులోకి వచ్చిందామె.
పేరు గజలక్ష్మి. చిత్తూరు బెల్లం మండీలో లెక్కలు రాస్తుందంట.
పాత రాజ్‌దూత్. గంగాధరనెల్లూరు పక్కన
చెరుకు గానుగ షెడ్డులో కొనిందంట, పాత ఇనుము రేటుకి.
ముందు ఎవరిదో తెలీదు. అమ్మినోడికీ తెలీదు.

"కొళాయి కారతా ఉండాది" అనింది.
విప్పి చూస్తే కారేది అదొకటే కాదు.
లోపల నిలబడాల్సిన సన్న గొట్టం
మొదట్లోనే విరిగిపోయుండాది.

ఆ గొట్టం పొడుగే రిజర్వు.
పెట్రోలు దాని మొన కిందికి దిగితే బండి దగ్గుతుంది,
చూడకుండానే ఎడమచెయ్యి కిందికి పోయి కొళాయి తిప్పుతుంది.
తిప్పినాక ఎంత మిగిలుంటుందో
ఈ చిటికినవేలంత ఇత్తడే చెప్పాల.

ఎంత పొడుగు?
పుస్తకం లేదు. నమూనా లేదు.
వేలూరు మేస్త్రీకి ఫోన్ చేస్తే
"రెండంగుళాలు పెట్టు పో" అన్నాడు.
వాడికి అన్నీ రెండంగుళాలే.

కింది అంచులో సూదిమొనంత బొక్క.
దానికి ఎవరో ఎర్ర సోపు మెత్తి ఉండారు.
ఎండి రాయైపోయిన సోపు, దాని మీద బొటనవేలి ముద్ర,
చుట్లు చుట్లుగా, పొలం కాయితంలో వేసినంత స్పష్టంగా.
ఏ దోవలో, ఏ మిట్టమధ్యాన్నం
బండి ఆపి ఒత్తినాడో.
తగరం పొయ్యాలంటే గీకక తప్పదు.
గీకేసినా.

ఇంతియాజ్ అప్పటికే చింతపండు పిసికి,
పిడికెడు కంకర కడిగి పెట్టినాడు, తుప్పు వదిలించేదానికి.
"ఆగరా" అన్నా.
బల్బు లోపలికి దించి ఒంటి కన్నుతో చూస్తే
గోడల మీద తుప్పు, మాడిన అట్టు రంగులో,
పైనించి దిగతా దిగతా
ఒకచోట టక్కున ఆగిపోయుండాది.
ఆడనించి కింద రేకు తెల్లగా,
ఎండాకాలం బాయి ఒరల మీద నీళ్ళ గుర్తు మాదిరి.

అంటే ఆ మనిషి
పెట్రోలును ఎప్పుడూ గీత కిందికి దిగనీలా.
బండి దగ్గీ దగ్గకముందే బంకు చూసుకునే రకం.
లేకుంటే, దగ్గిన బండిని షెడ్డులో నిలబెట్టి
తెల్లార్తో పోసుకుందాంలే అనుకొని
మళ్ళా రాని మనిషి.
రెండిట్లో ఏదో గీత చెప్పదు.

కంబీ వంచి, లోపలికి దించి కొలిచినా.
అంగుళంన్నర, మీద ఒక నూలు.
ఆ తర్వాతే కంకర పోయనిచ్చినా,
వాడు ఊపతా ఉంటే సందంతా కిలుక్కుల చప్పుడు.

మొదటి గొట్టం మాటల్లో పడి
ఒక నూలు ఎక్కువ కోసేసినా.
పొడుగైతే కోయొచ్చు, పొట్టిదైతే అతికేదెట్ల?
ఇంతియాజ్ దాన్ని పెదాలకి ఆనించి ఊదినాడు.
కూసింది.

మళ్ళా కొత్త కడ్డీ, మళ్ళా లేతు.
ఇత్తడి చూర ముంజేతి మీద
తాలింపులో ఆవాలు మాదిరి చిటపటలాడింది.
కార్కు వాచరు రాత్రంతా నూనెలో నానింది.
ఈసారి నోరు మూసుకొని కోసినా.

"రిజర్వులో ఎంత దూరం వస్తాది?" అనింది.
"ముందరి మనిషికి ఎంత వచ్చేదో, అంత."
కొంచేపు నా మొహమే చూసింది.

లెక్కలు రాసే మనిషి కదా, బిల్లు కావాలనింది.
దీన్ని ఏమని రాయాల?
నేర్పించేటప్పుడు మా నాయన పేరు చెప్పలా, నేనూ అడగలా.
"ఇత్తడి సామాను, ఒకటి. నూటా ఎనభై."
చదివి, మడిచి, పర్సులో పెట్టుకునింది.
ట్యాంకును చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూసింది.
లోపల ఏ చప్పుడూ లేదు.

షట్టరు దించేటప్పుడు చూస్తే
బల్ల మీద ఎర్ర పొట్టు అట్లనే ఉండాది, ఊదబుద్ధి కాలా.
సందు మొగదల ఇంతియాజ్
ఆ పొట్టి గొట్టాన్ని ఊదతానే పోతా ఉండాడు.